‘ఇది పోదులే’ అనకండి!

మీ మంచం మీది బొంతను ఓసారి తిప్పి చూడండి. తలవైపు అంచున గోధుమరంగు పట్టీ కనిపిస్తోందా? చేత్తో తాకితే కాస్త బిరుసుగా, జిడ్డుగా ఉందా? అది నెలల తరబడి పేరుకున్న తలనూనె. ‘ఇది పోదులే’ అనే కదా ఇన్నాళ్లూ వదిలేశారు? ఇవాళ్టి నుంచి ఆ మాట మానేయండి. మరక వదులుతుంది. మీరు పద్ధతి పట్టుకుంటే చాలు.

ముందు ఇది తెలుసుకోండి

నూనె నీళ్లలో కరగదు. అందుకే ఎంత రుద్దినా ఉత్త నీళ్లతో పని జరగదు. సబ్బు అణువుకు రెండు కొసలుంటాయి. ఒకటి నూనెను పట్టుకుంటుంది, రెండోది నీటిని. అలా నూనెను నీళ్లతోపాటు లాక్కెళ్తుంది. కాబట్టి బలం కన్నా టైమ్ ఇవ్వడం ముఖ్యం.

5 స్టెప్స్

1. అద్దండి. నూనె ఇప్పుడే పడిందా? పాత నూలుగుడ్డతో అంచుల నుంచి మధ్యకు అద్దండి. రుద్దితే మరక పాకుతుంది.

2. పొడి చల్లండి. టాల్కం పౌడర్ గానీ కార్న్‌ఫ్లోర్ గానీ చల్లి అరగంట ఆగండి. పొడి నూనెను పీల్చి ముద్దకడుతుంది. దులిపేయండి.

3. లిక్విడ్ రాయండి. మరక కింద మడిచిన టవల్ పెట్టండి. గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా పట్టించండి. 15 నిమిషాలు వదిలేయండి. రంగు పోతుందేమోనని ముందే ఓ మూల టెస్ట్ చేయండి.

4. ఉతకండి. బట్ట తట్టుకోగలిగినంత వేడినీళ్లు వాడండి. నురగ పోయేదాకా జాడించండి.

5. చెక్ చేయండి. తడిబట్టలో మరక దాక్కుంటుంది. ఆరాక వెలుతురులో చూడండి. ఇంకా ఉంటే మళ్లీ 3వ స్టెప్. మరక పూర్తిగా పోయేవరకు ఇస్త్రీ, డ్రయర్ వద్దే వద్దు. వేడి తగిలితే అది మొండికేస్తుంది.

కూర నూనె పడిన చోట బట్టల సబ్బు తగలగానే ఎర్రబడిందా? కంగారొద్దు. అది పసుపు గుణం. జిడ్డు వదిలాక ఎండలో ఆరేయండి, రంగు వెలిసిపోతుంది. పట్టుబట్టల మీద మాత్రం ప్రయోగాలు వద్దు. డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేయండి.

అలవాటే అసలు గెలుపు

* తలకు నూనె పెట్టుకున్న రాత్రి దిండు మీద పాత టవల్ పరవండి.
* దిండు గలీబులు వారానికోసారి ఉతకండి.
* మంచం మీద భోజనం ఇవాళే ఆపేయండి.
* మరక పడిన రోజే పని మొదలుపెట్టండి. ‘రేపు చూద్దాం’ అంటే నూనె దారాల్లోకి ఇంకిపోతుంది.

పాత మరక ఒక్క ఉతుకుతో పోకపోవచ్చు. మొదటిసారికి పలచబడుతుంది. అది ఓటమి కాదు, ప్రోగ్రెస్! రెండోసారి, మూడోసారి అదే ఓపికతో చేయండి. ఈ ఆదివారం ఇంట్లో ఒకే ఒక్క మరకను ఎంచుకుని పని పట్టండి. మీ వల్ల అవుతుంది!