వేదపదములు – నిఘంటువులు

‘అరిష్టనేమి’ అను పదము ఋగ్వేదములో నాలుగు చోట్ల కనబడుచున్నది. ఇరువది రెండవ తీర్థంకరుని నామము కూడ నదియే. అందుచేత ఋగ్వేదము నేమినాథస్వామిని స్తుతించుచున్నదని ప్రసంగములలో చెప్పువారును, వ్యాసములలో వ్రాయువారును కలరు. కళాశాలలో సంస్కృతము చదువు పిల్లవాడు ఈ మాట విని, నిజమేనా యని చూడదలచినచో ఏ పుస్తకము తెరవవలెను?

ఇంటిలో సాధారణముగా దొరకునవి అమరకోశము, ఆప్టే నిఘంటువు. రెండును మంచివే గాని వేదమునకై పుట్టినవి కావు. అమరము పర్యాయపదములను శ్లోకములలో కూర్చినది. ఏ పదము ఏ గ్రంథములో ఏ యర్థమున వచ్చెనో చెప్పదు. వామన శివరామ ఆప్టే పూనాలో 1890లో వెలువరించిన కోశము ముఖ్యముగా కావ్యములు, శాస్త్రములు చదువు విద్యార్థుల కొరకు. వానితో వేదార్థము తేల్చబూనుట, ఈనాటి ధరల పట్టికతో తాతగారి నాటి చిట్టాకు లెక్క కట్టుట వంటిది. అంకెలన్నియు సరిగానే యుండును, మొత్తము మాత్రము తప్పును.

పదము మారకయే అర్థము మారుట వేదభాషలో తరచు. ‘అసుర’ శబ్దము ఋగ్వేదమున వరుణాది దేవతలకే గౌరవవాచకము. రాక్షసార్థము తరువాత బలపడినది. ‘క్రతువు’ అనగా అక్కడ యజ్ఞము కాదు, సంకల్పబలము, బుద్ధిశక్తి. ‘మృగ’ మనగా అడవి జంతువు. కావ్యములలో అది లేడిగా కుదించుకొనిపోయినది. తెలుగువారు సింహమును గూడ మృగమనుచు ఆ పాత యర్థమునే నిలుపుకొన్నారు.

ఈ చిక్కు ప్రాచీనులకును తెలిసినదే. వేదపదములను ఏరి కూర్చిన ‘నిఘంటువు’ అను చిన్న గ్రంథమొకటి కలదు. అయిదధ్యాయములు, భూమికి ఇరువది యొక్క పేర్లతో, ‘గౌః’ అను పదముతో మొదలగును. నేడు ఏ కోశమునైనను నిఘంటువనుట ఆ పేరునుండియే వచ్చినది. దానికి యాస్కుడు రచించిన వ్యాఖ్య నిరుక్తము. యాస్కుని నాటికే కొన్ని పదముల యర్థము మరుగున పడినది. ఒక్కొక్క పదమునకు రెండు మూడు వ్యుత్పత్తులు చెప్పి ఊరకుండిన చోట్లు పెక్కు. పదునాలుగవ శతాబ్దిలో విజయనగర రాజుల యాశ్రయమున సాయణుడు భాష్యము వ్రాసెను. యజ్ఞసంప్రదాయము తెలియుటకు అది లేక గడవదు.

ఆధునిక కోశములలో మొదట చెప్పదగినది బోట్‌లింక్, రోట్ పండితులు 1855–1875 నడుమ సెంట్ పీటర్స్‌బర్గులో ఏడు సంపుటములుగా ప్రకటించిన జర్మను నిఘంటువు. వేదభాగము రోట్ పని. ఒక పదము వచ్చిన స్థలములన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి, వానినుండియే అర్థము రాబట్టవలెనని ఆయన పద్ధతి. జైనులు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యొకటి ఇచ్చట కలదు. ఈ మహాకోశమునకు పూనుకొనక ముందే, 1847లో, బోట్‌లింక్ మరియొక పండితునితో కలిసి హేమచంద్రాచార్యుని అభిధానచింతామణిని జర్మను అనువాదముతో అచ్చు వేయించెను.

ఆంగ్లము వచ్చిన విద్యార్థికి మోనియర్ విలియమ్స్ కోశము, అందును 1899 నాటి రెండవ కూర్పు, తగినది. దానిలో అర్థము ప్రక్కనుండు పొడి అక్షరములను విడిచి చదువువారే ఎక్కువ. అసలు విలువ యక్కడనే యున్నది. ‘ఆర్.వి.’ అనిన ఋగ్వేదము. ‘ఎల్.’ అని మాత్రమే యున్నచో, ఆ యర్థము కోశకారులు చెప్పినదే గాని గ్రంథప్రయోగము దొరకలేదని భావము. ఆ ఒక్క యక్షరము గమనింపక వాదమునకు దిగినవాడు సభలో నిలువలేడు.

ఋగ్వేదమునకు మాత్రమే పరిమితమైనది గ్రాస్‌మన్ కోశము, 1873. ఆయన గణితశాస్త్రజ్ఞుడు, పాఠశాలలో ఉపాధ్యాయుడు. లెక్కలవాని పద్ధతి పుస్తకమంతట కనబడును: పదము, దాని రూపములు, అవి వచ్చిన మంత్రముల సంఖ్యలు. జర్మను రాకపోయినను ఆ సంఖ్యలు ఎవరికైనను ఉపయోగించును. హోషియార్‌పూరు సంస్థవారు విశ్వబంధు సంపాదకత్వమున ప్రకటించిన వైదికపదానుక్రమకోశము సంహితలతో ఆగక బ్రాహ్మణములు, ఉపనిషత్తులు మొదలగువానిని గూడ చేర్చుకొన్నది. పూనాలోని దక్కను కళాశాలవారి చారిత్రక మహాకోశము 1948లో ఆరంభమై, మొదటి భాగము 1976లో వెలువడినది. అది ఇంకను అకారాది పదముల నడుమనే నడచుచున్నది.

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చును. అరిష్టనేమి పదము గల మంత్రములు 1.89.6, 1.180.10, 3.53.17, 10.178.1. మొదటి దానియందును చివరి దానియందును అది తార్క్ష్యునికి విశేషణము. రెండవది అశ్వినీదేవతల రథమును గూర్చినది. మూడవది బండి యెడ్లు, ఇరుసు, కాడి చెదరకుండ నిలువవలెనను ప్రార్థన. నేమి యనగా చక్రపు అంచు. అరిష్టనేమి యనగా చెక్కు చెదరని చక్రము గలది. నాలుగింటిని కలిపి చదివినచో ఇక్కడ తీర్థంకర ప్రసక్తి కలదనుట కష్టము. అట్లే 2.33.10లోని ‘అర్హన్’ శబ్దము విల్లు, బాణములు ధరించిన రుద్రునికి ‘యోగ్యుడవై’ అను అర్థమున చెప్పబడినది. ‘వృషభ’ శబ్దము ఇంద్రాగ్నులకు బలసూచకముగా పలుమారులు వచ్చును.

ఇందువలన నేమినాథస్వామికి గాని, ఋషభదేవునికి గాని వచ్చు లోటేమియు లేదు. వారి చరితమునకు ఆధారములు ఆగమములు, పురాణములు. అవి యుండగా ఇతరుల మంత్రములనుండి పదములను అరువు తెచ్చుకొననక్కరలేదు. ఆగమములు చదువుటకు కావలసినవి ప్రాకృత కోశములు, ‘పాఇఅ సద్ద మహణ్ణవో’ వంటివి. వేదపదములకు వేదకోశములు. పీటర్స్‌బర్గు, గ్రాస్‌మన్, మోనియర్ విలియమ్స్ మూడింటిని జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయమువారు కంప్యూటరులో ఉచితముగా చూచుకొనునట్లు ఏర్పాటు చేసినారు గనుక, వెల భారమని వెనుదీయు కారణము కూడ ఇప్పుడు లేదు.