సామాన్య తరగతిలో ఆటిజముగల బిడ్డ: ఇంటిభాష స్థానము

పావగడ తాలూకాను చాలవైపుల ఆంధ్రప్రదేశము ఆవరించియున్నది. అరసికెరె వంటి గ్రామములలో బిడ్డ తల్లియొద్ద తెలుగు నేర్చి, బడిలో కన్నడమును, పిమ్మట ఇంగ్లీషును నేర్చుచున్నాడు. పెక్కుమంది పిల్లలకు ఇది భారము కాదు. కాని మాటలు ఆలస్యముగా వచ్చు బిడ్డ, పిలిచినను తిరిగి చూడని బిడ్డ ఇంట నున్నప్పుడు తల్లిదండ్రులకు రెండు సందేహములు కలుగును. ఇట్టి బిడ్డను అందఱితోపాటు బడికి పంపవచ్చునా? పంపినచో ఇంట తెలుగు మానవలెనా? ఈ రెంటిని గూర్చి మాకు తెలిసినంత ఇచ్చట వివరింతుము.

ఆటిజమనగా నేమి?

ఆటిజము మెదడు ఎదుగుదలలో కలుగు భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లల లక్షణములను వర్ణించి దీనిని లోకమునకు తెలిపెను. ఇట్టి పిల్లలకు ఇతరులతో కలసిమెలసి యుండుట, సంభాషించుట కష్టము. చేసిన పనినే మరల మరల చేయుట, అలవాటు మారినచో తల్లడిల్లుట, కొన్ని ధ్వనులను, స్పర్శలను సహింపలేకుండుట కూడ కానవచ్చును. అందఱును ఒక్క తీరువారు కారు. కొందఱు మాటలాడనే మాటలాడరు. కొందఱు ధారాళముగా మాటలాడియు ఎదుటివాని మనస్సు గ్రహింపలేరు.

ఒకప్పుడు తల్లి ప్రేమ చూపనందున ఇది కలుగునని చెప్పెడివారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున ఆ వాదమును ఖండించెను. టీకాలవలన వచ్చునని 1998లో వెలువడిన వ్యాసమును, దానిని ప్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించెను. ఇది తల్లి దోషము కాదు, గ్రహదోషమును కాదు. దీనిని మాన్పెదమని మందులమ్మువారి మాటలు నమ్మరాదు. ఐనను తగిన శిక్షణవలన బిడ్డ ఎంతయో నేర్వగలడు.

"మేనమామకును మాటలు ఆలస్యముగానే వచ్చినవి" అని కాలము గడపరాదు. మొదట వినికిడి పరీక్ష చేయింపవలెను. బెంగుళూరులోని నిమ్హాన్స్‌లోను, మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థలోను ఇట్టి పిల్లలను పరీక్షించు నిపుణులు కలరు.

తరగతిలో చేయదగినవి

మొదటిది, దినచర్యను కంటికి చూపుట. ప్రార్థన, లెక్కలు, భోజనము, ఆట అను వరుసను బొమ్మలుగా గీసి బల్లపై నుంచి, ఒక్కొక్క పని ముగియగానే ఆ బొమ్మను తీసివేయవలెను. తరువాత నేమి జరుగునో తెలిసిన బిడ్డకు భయము తగ్గును.

రెండవది, మాట సూటిగా నుండుట. "కళ్లు నెత్తికెక్కినవా?" అని గద్దించినచో ఆ బిడ్డ తన నెత్తి తడుముకొనవచ్చును, అది అవిధేయత కాదు. పేరుపెట్టి పిలిచి, "పుస్తకము తెఱువుము" అని ఒక్క పని చెప్పి, కొంతసేపు వేచియుండవలెను. కన్నులలోనికి చూడుమని నిర్బంధింపరాదు, చూడకయు వినగలడు.

మూడవది, ధ్వని. గంట కొట్టుటకు ముందు హెచ్చరించుట, వాకిటికి దూరముగా కూర్చుండబెట్టుట, కలత చెందినప్పుడు కొంతసేపు నిశ్శబ్దముగా నుండు మూల చూపుట - వీనికి వ్యయము లేదు.

నాల్గవది, బిడ్డ ఇష్టమును పాఠమునకు సాధనముగా చేయుట. హిందూపురము, మధుగిరి పోవు బస్సుల వేళలను వల్లించు బాలునకు ఆ వేళలతోనే కూడికలు, తీసివేతలు నేర్పవచ్చును.

"నీకు నీళ్లు కావలెనా?" అని అడిగినప్పుడు కొందఱు "నీకు నీళ్లు కావలెనా" అని తిరిగి పలుకుదురు. ఇది వెక్కిరింత కాదు. పెక్కుసార్లు దాహమునకు గుర్తు. "నాకు నీళ్లు కావలెను" అని మనము పలికి చూపి, నీళ్లిచ్చినచో ఆ వాక్యమునకు ఫలము కలదని బిడ్డ గ్రహించును.

ఇంటిభాష మానవలెనా?

మానవలదనియే మా దృఢాభిప్రాయము. రెండు భాషలవలన ఇట్టి పిల్లలు మఱింత వెనుకబడుదురని హితైషులు చెప్పుట కలదు. కాని 2012లో హాంబ్లీ, ఫోంబాన్ అనువారు ప్రకటించిన పరిశోధనలో, రెండు భాషల నడుమ పెరిగిన ఆటిజముగల పిల్లలు ఒక్క భాషలో పెరిగినవారికంటె భాషాభివృద్ధిలో వెనుకబడినట్లు కానరాలేదు. తరువాతి పరిశోధనలును ఇంచుమించుగా ఇట్లే తెలిపినవి.

దీనికి హేతువును మనమే ఊహింపవచ్చును. తల్లి తనకు చక్కగా రాని భాషలో మాటలాడబూనినచో మాటలే తగ్గిపోవును. లాలన, కథ, మందలింపు అన్నియు కుంటువడును. తెలుగు తప్ప తెలియని అవ్వతో బిడ్డకు సంబంధమే తెగును. మాటలాడుటయే కష్టమైన బిడ్డకు, మాటలాడువారిని కూడ తగ్గించుట న్యాయమా?

ఐనను రెండు భాషలను చిందరవందరగా వాడరాదు. ఒకే బొమ్మ క్రింద తెలుగున "నీళ్లు" అనియు, కన్నడమున "నీరు" అనియు వ్రాయుడు. "రా" అన్నను "బా" అన్నను చేసన్న ఒక్కటే కావలెను. అట్టి బొమ్మలు ఇంటను, బడిలోను ఒక్క రీతిగా నున్నచో అవి రెండు భాషలకు వంతెన యగును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1956లో చేసిన సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక బాలురకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యములకై యత్నింపవలెనని ఆదేశించుచున్నది. 2009 విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మానసికముగా హింసించుటను నిషేధించినది. 2016 వికలాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో ఆటిజము ఒకటి. ప్రభుత్వ సహాయముగాని గుర్తింపుగాని కల విద్యాలయములు ఇట్టి పిల్లలను వివక్ష లేక చేర్చుకొనునట్లు చూచుట ప్రభుత్వముల విధియని ఆ చట్టము చెప్పుచున్నది. వైకల్యము 40 శాతమునకు తగ్గక యున్నట్లు ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వఱకు ఉచితవిద్య హక్కు.

కాని చేర్చుకొని మూల కూర్చుండబెట్టుట చదువు కాదు. నలుబదిమందికి ఒక్క ఉపాధ్యాయుడున్న తరగతిలో ఆయనపై భారమంతయు మోపుట ధర్మము కాదు. బిడ్డ దేనికి బెదరునో, దేనికి సంతోషించునో తల్లిదండ్రులు ఒక నోటుపుస్తకమున వ్రాసి యియ్యవలెను. ఉపాధ్యాయుడు ఆనాటి విశేషము అందే వ్రాసి పంపవలెను. కొందఱు పిల్లలకు ప్రత్యేక పాఠశాలయే మేలు కావచ్చును. అది బిడ్డ అవసరమునుబట్టి నిర్ణయింపవలసినది, ఇరుగుపొరుగు మాటనుబట్టి కాదు.

తక్కిన తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. ప్రక్కబల్లపై నున్న బిడ్డను "పిచ్చివాడు" అని పిలువవలదని మీ పిల్లలకు చెప్పుడు. ఆటలో ఒక్క స్థానము, నడకలో ఒక్క తోడు ఆ బిడ్డకు లభించినచో, మన బడి నేర్పిన పాఠములలో అదియు లెక్కకు వచ్చును.