ఇంటి బ్రాడ్‌బ్యాండునకు తగిన నెట్‌వర్కు కార్డు

రాజోలు ప్రాంతమందలి మోరి గ్రామమునకు 2016 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబరు గ్రిడ్ సౌకర్యము కలిగెను. నేడు కోనసీమలో పెక్కు ఇండ్లకు ఇట్టి కనెక్షనులు గలవు. అయినను “వేగము చాలదు, క్రొత్త కార్డు కొనవలెనా?” యని సభ్యులు పలువురు సందేహించుచున్నారు. సొమ్ము వెచ్చించుటకు ముందు ఈ క్రింది సంగతులు గ్రహింపవలెను.

ఫైబరు మన ఇంటిలోని పెట్టె వరకు వచ్చును. ఆ పెట్టెనుండి వచ్చు సమాచారమును కంప్యూటరులో అందుకొను భాగమే నెట్‌వర్కు కార్డు. కాలువ తూము చిన్నదైనప్పుడు చేనిలోని బోదెను ఎంత వెడల్పు చేసినను నీరు హెచ్చదు గదా! కార్డు విషయమును అట్టిదే.

1. మీ కనెక్షను వేగమెంతయో మొదట తెలిసికొనుడు. అది సెకనుకు 50 మెగాబిట్లయినచో 100 మెగాబిట్ల కార్డే చాలును. 100కు మించినచో 1000 మెగాబిట్ల కార్డు కావలెను. పెట్టెకు గల పోర్టు కూడ అట్టిదై యుండవలెను. 8 బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్లనగా సెకనుకు 12.5 మెగాబైట్లు మాత్రమే.

2. కంప్యూటరునకు తీగ తగిలించు పోర్టు ముందే యున్నదేమో చూడుడు. అది పనిచేయుచున్నచో వేరొక కార్డు అనవసరము. పోర్టు లేని ల్యాప్‌టాపునకు యు.ఎస్.బి. అడాప్టరు చాలును.

3. 1000 మెగాబిట్ల వేగమునకు తీగలోని 8 పోగులును బాగుగా నుండవలెను. ఒకటి తెగినను వేగము 100కు పడిపోవచ్చును. కావున కార్డును నిందించుటకు ముందు తీగ మార్చి చూడుడు.

4. వైఫై కార్డు కొనువారు 2.4, 5 గిగాహెర్ట్జులు రెండింటికిని పనికివచ్చుదానిని కోరవలెను. మొదటిది గోడలు దాటి దూరము పోవును. రెండవది దగ్గరలో వేగము హెచ్చుగా నిచ్చును.

5. పెట్టెకు తీగతో వేరొక కంప్యూటరును తగిలించి పరీక్షింపుడు. అక్కడను వేగము లేనిచో లోపము మీ కార్డులో నుండుట అరుదు. కనెక్షను ఇచ్చినవారికి తెలుపుడు.

సముద్రపు ఉప్పుగాలికి లోహపు భాగములు త్రుప్పు పట్టును, వానినుండి కాపాడుకొనుడు. ఉరుములు వినబడగనే పెట్టెకును కంప్యూటరునకును విద్యుత్తు తీసివేయుడు. ఫైబరు గాజుదైనను పిడుగుపాటు విద్యుత్తు తీగల వెంట రాగలదు.

అవసరమెరిగి కొన్న చిన్న కార్డు, ఎరుగక కొన్న పెద్ద కార్డుకంటె మేలు.