సుత్తి, ఈక, ఫైర్‌వాల్

ముప్పై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పాను. చివరి పన్నెండేళ్లు ఉత్తరాంధ్రలో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో. అక్కడ ల్యాబ్‌లో నెట్ ఉంది, ప్రొజెక్టర్ ఉంది, యూట్యూబ్ మాత్రం లేదు. తెరవబోతే అనుమతి లేదంటూ ఎర్ర అక్షరాలు వచ్చేవి. కొత్తగా చేరిన టీచర్లు అడుగుతుంటే, ఆ ఎర్ర అక్షరాల దగ్గర నేర్చుకున్నవి రాస్తున్నాను.

1. వీడియో కంటే ముందు రూపాయి బిళ్ల.

నేను మొదట చూపించబోయింది నిమిషం కూడా లేని ముక్క. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి, ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని రెండూ ఒక్కసారే వదిలేస్తాడు. రెండూ కలిసే నేలకు తగులుతాయి. తొమ్మిదో తరగతి వాళ్లను కూర్చోబెట్టి, కిటికీలు మూయించి, లింకు నొక్కాను. ఎర్ర అక్షరాలు. "చంద్రుడి మీద సిగ్నల్ లేదేమో సార్" అన్నాడు వెనక బెంచీవాడు. అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను గానీ, మిగిలిన అరగంట ఏం చెయ్యాలో తోచలేదు.

జేబులో రూపాయి బిళ్ల తగిలింది. నోటు పుస్తకం కాగితం నుంచి బిళ్ల కంటే కాస్త చిన్న ముక్క గుండ్రంగా కత్తిరించాను. విడివిడిగా వదిలితే బిళ్ల టంగుమని పడింది, కాగితం ఊగుతూ తీరిగ్గా దిగింది. ఆ కాగితాన్ని బిళ్ల మీద పెట్టి మళ్లీ వదిలాను. రెండూ కలిసే పడ్డాయి. "కాగితానికి గాలి తగలకుండా బిళ్ల కాస్తోంది సార్" అని ముందు వరస అమ్మాయి అనేసింది. తర్వాత ఎప్పుడో ఆ వీడియో చూపించినప్పుడు ఏం జరగబోతోందో పిల్లలే చెప్పారు. నెట్ ఉన్నరోజు కూడా బిళ్ల తర్వాతే వీడియో అని అప్పుడే పెట్టుకున్నాను.

2. దొంగదారి తొక్కకండి.

నేను తొక్కాను. ఎవరో ప్రాక్సీ సైటు చెప్పారు. వీడియో వచ్చింది. పక్కనే పిల్లలు చూడకూడని ప్రకటన కూడా వచ్చింది, ఆరడుగుల తెర మీద. మౌస్ ఎక్కడుందో కనబడక, పరుగున వెళ్లి లెన్సుకు హాజరు పట్టీ అడ్డం పెట్టాను. సాయంత్రం నేనే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. "ఇందుకేనండీ మాస్టారూ బ్లాక్ చేసింది" అన్నారాయన. ఏమంటాను? వారం తిరక్కుండా ఆ సైటు పేరు పదో తరగతి హాస్టల్ మొత్తానికి తెలిసిపోయింది. అది నేను నేర్పిన పాఠమే.

3. బ్లాక్ ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాక కొట్లాడండి.

"ఆ ఒక్క వీడియో తెరవవయ్యా" అని సిస్టమ్స్ చూసే కుర్రాణ్ణి రోజూ పోరేవాణ్ణి. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. ఇప్పుడు సైట్లన్నీ దాదాపుగా ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి. కవరు మీద ఊరి పేరు చూసే పోస్ట్‌మాన్ లాంటిది ఫైర్‌వాల్. లోపలి ఉత్తరం దానికి కనబడదు. ఏ సైటుకు వెళ్తున్నామో తెలుస్తుంది, ఏ వీడియో అడుగుతున్నామో తెలియదు. అందుకని తెరిస్తే సైటంతా తెరవాలి. పైగా యూట్యూబ్ పేజీ ఒక చోటి నుంచి, అసలు వీడియో గూగుల్‌వీడియో అనే ఇంకో డొమైన్ నుంచి వస్తాయి. మొదటిదానికి మాత్రమే అనుమతిచ్చినరోజు పేజీ చక్కగా వచ్చింది, నడిమధ్య చక్రం మాత్రం గంట కొట్టేదాకా తిరుగుతూనే ఉంది.

టీచర్ల లాగిన్‌కు విడిగా అనుమతి పెట్టి, దానికి పిల్లలకు తగని వీడియోలను దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ తగిలించవచ్చని చెప్పింది కూడా ఆ కుర్రాడే. అన్నాళ్లూ అతణ్ణి అనవసరంగా విసుక్కున్నాను.

4. కాగితం మీద అడగండి.

"యూట్యూబ్ తెరవండి" అని రెండేళ్లు నోటితో అడిగాను, ఏమీ కాలేదు. తరగతి, పాఠం, వీడియో పేరు, ఎన్ని నిమిషాలు, ఏ పీరియడ్. ఇవి రాసిచ్చాక నాలుగో రోజుకు లాగిన్ వచ్చింది.

5. ముందురోజు రాత్రికే ఫైలు చేతిలో ఉండాలి.

లాగిన్ వచ్చినా కరెంటు ఉండాలి, నెట్ ఉండాలి, అది మన పీరియడ్‌లోనే ఉండాలి. నాసా వీడియోలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు, వాళ్ల సైటులోంచే దించుకోవచ్చు. 2017లో వచ్చిన దీక్ష యాప్‌లో పాఠాలను దించుకుని నెట్ లేకుండా చూపించవచ్చు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా పాఠానికే వెళ్తుంది. యూట్యూబ్ కూడా 2014 చివర్లో మన దేశంలో ఫోన్ యాప్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం ఇచ్చింది. ఆ వీడియో ఆ యాప్‌లోనే ఆడుతుంది, పెన్‌డ్రైవ్‌లోకి రాదు. అందుకని ఫోన్‌నే ప్రొజెక్టర్‌కు తగిలించాలి. అలా తగిలించేముందు వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. మా బావమరిది పెళ్లిచూపుల కబురు ఎనిమిదో తరగతి మొత్తం చదివింది.

6. స్పీకర్లు మీవి మీరు తెచ్చుకోండి. స్కూలువి పనిచెయ్యవు.

7. వీడియోలో ఉన్నదల్లా నిజమని చెప్పకండి.

అమెరికాలో 1940 నవంబర్ 7న కూలిన టకోమా వంతెన ఫిల్ము ఏళ్లతరబడి అనునాదానికి ఉదాహరణగా చూపించాను. వంతెన చీరలా మెలితిరుగుతుంటే పిల్లలు కళ్లార్పరు. కారులో ఇరుక్కుపోయిన కుక్క ఏమైందని అడుగుతారు. చనిపోయింది. ఆరోజు పోయిన ప్రాణం అదొక్కటే. ఒక ఏడాది ఇంటర్ కుర్రాడు అడిగాడు: "ఊయలకైతే మనం తాళం తప్పకుండా తోస్తాం. గాలి ఒకే తీరుగా వీస్తోంది కదా సార్, తాళం ఎవరు వేస్తున్నారు?" నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి వెతికితే, అది మామూలు అనునాదం కాదని బిల్లా, స్కాన్లన్ అనే ఇద్దరు 1991లోనే రాసేశారని తెలిసింది. వంతెన తన ఊగుడుతోనే గాలి నుంచి శక్తి లాక్కుందట. మర్నాడు తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను. ఆ వంతెన మీద వీడియోలు ఎంతమంది ఎంత చక్కగా చేసినా చాలావాటిలో పాత కథే ఉంటుంది.

8. సైట్లకు తాళం వేసినవాళ్లను ఊరికే తిట్టకండి.

టెక్సాస్‌లో టీచరుగా ఉన్న మా మేనకోడలిదీ ఇదే గోల. ప్రభుత్వ రాయితీతో నెట్ తీసుకునే బడులు అశ్లీల చిత్రాలు రాకుండా వడపోత పెట్టాలని అక్కడ 2000లోనే చట్టం వచ్చింది. ఆమె కూడా ముందురోజే ఫైలు సిద్ధం చేసుకుంటుందట.

సుత్తి, ఈక వీడియో నా పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఉంది. నాసాది, కాపీకి అభ్యంతరం లేదు. ఇటువైపు వచ్చినప్పుడు తీసుకెళ్లండి. రూపాయి బిళ్ల మాత్రం మీదే తెచ్చుకోండి.