పై ఇంటి రోలు - కింది ఇంటి నిద్ర

గుంటూరులో ఒక కాలనీ. అక్కడ అన్నీ స్లాబు ఇళ్ళు. ఒకదాని మీద ఒకటి కట్టినవి.

పై ఇంటి అత్త కారం దంచి అమ్ముతుంది. అదే ఆమె బతుకుతెరువు. కింది ఇంటి కోడలు ఆసుపత్రిలో ఆయా. రాత్రంతా డ్యూటీ చేస్తుంది. ఉదయం 9 గంటలకు పడుకుంటుంది. సరిగ్గా అప్పుడే పైన రోకటి పోటు మొదలవుతుంది. దబ్! దబ్! నెల రోజులుగా ఆమెకు కంటినిండా నిద్ర లేదు. ఒక రాత్రి డ్యూటీలో కునుకు పట్టింది. నర్సమ్మ కేకలేసింది.

మర్నాడు ఆమె పైకి వెళ్ళింది.

"అత్తా! నీ రోకలి నా నెత్తి మీదే పడుతోంది. నా ఉద్యోగం పోయేటట్టుంది" అంది.

"నేను దంచకపోతే నా పొయ్యిలో పిల్లి లేవదే అమ్మాయీ!" అంది అత్త.

మాటా మాటా పెరిగింది. పక్కింటి తాపీ మేస్త్రి వచ్చాడు.

"తప్పు మీ ఇద్దరిదీ కాదమ్మా. ఇలా రండి" అన్నాడు.

అక్కడ ఒక చెక్కబల్ల ఉంది. అత్తను ఒక చివర చెవి ఆనించమన్నాడు. రెండో చివర గోటితో తట్టాడు.

"అబ్బో! ఎంత గట్టిగా వినిపిస్తోందో!" అంది అత్త.

మేస్త్రి తువ్వాలు మడిచి బల్ల మీద వేశాడు. దాని మీద తట్టాడు. ఈసారి చప్పుడు బాగా తగ్గింది.

చప్పుడు ఎలా దిగుతుంది?

చప్పుడు అంటే అదురు. మాటల చప్పుడు గాలిలో వస్తుంది. స్లాబు బరువైనది. అందుకే మాటలను చాలావరకు ఆపుతుంది. కాని రోకటి దెబ్బ నేరుగా స్లాబునే అదిరిస్తుంది. గాలిలో చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కాంక్రీటులో 3,000 మీటర్లకు పైగా పోతుంది. అదురు గోడల్లోకి కూడా పాకుతుంది. అందుకే కింది ఇంటి కప్పుకు అట్టలు అంటిస్తే పెద్దగా లాభం లేదు. దెబ్బ పడే చోటే మెత్తన వెయ్యాలి.

ఏం చెయ్యాలి?

- రోలు కింద మందపాటి రబ్బరు వెయ్యాలి. పాత టైరు ముక్కలైనా సరే. రోలు కదలకుండా ఉండాలి.
- కుర్చీ, మంచం కాళ్ళకు రబ్బరు తొడుగులు వెయ్యాలి.
- మిక్సీ కింద రబ్బరు ముక్క పెట్టాలి. మిక్సీ గాలి రంధ్రాలు మూయకూడదు.
- పిల్లలు ఆడే చోట బొంత పరవాలి.
- కొత్తగా కట్టేటప్పుడు స్లాబుకూ పై గచ్చుకూ మధ్య మెత్తని పొర వేయించవచ్చు. ఆ గచ్చు గోడకు తగలకూడదు. తగిలితే అదురు అటు నుంచి దిగుతుంది.

అత్త రోలు కింద టైరు ముక్కలు వేసింది. చప్పుడు తగ్గింది. కాని పూర్తిగా పోలేదు.

"సాయంత్రం 4 గంటలకు దంచుకుంటాలే. అప్పటికి నువ్వు లేస్తావుగా" అంది అత్త.

"లేచి నేనూ ఒక చెయ్యి వేస్తానత్తా" అంది కోడలు.

ఆ రోజు ఆమె మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోయింది.

చెప్పండి

1. స్లాబు ఏ చప్పుడును ఆపుతుంది? ఏ చప్పుడును ఆపలేదు?
2. రబ్బరు రోలు కిందే ఎందుకు వెయ్యాలి?
3. మీ ఇంటి చప్పుడు ఎవరి నిద్ర చెడగొడుతోంది? ఏం చేస్తారు?