ఒకే మంచం, రెండు నడుములు

చెల్లీ, నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "మీ మరిదికి నడుం నొప్పి కదక్కా, గట్టి లేటెక్స్ పరుపే చూస్తున్నా. నేనెలాగోలా సర్దుకుంటాలే" అన్నావు. ఆ సర్దుకోవడం దగ్గరే నిన్ను కాసేపు ఆపాలనిపించింది. చీర నచ్చకపోతే బీరువాలో పెట్టేస్తాం. పరుపు అలా కాదు కదా, రోజూ ఏడెనిమిది గంటలు, ఏళ్ల తరబడి దాని మీదే ఒళ్లు వాల్చాలి.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, మేమూ ఆరేళ్ల కిందట ఇదే పని చేశాం. మీ బావగారు 90 కిలోలు, వెల్లకిలా పడుకుంటారు. నేను 56 కిలోలు, ఎడం పక్కకు తిరిగితే తప్ప కన్ను మూతపడదు. ఆయన నడుం కోసమని బాగా గట్టిది తెప్పించాం. వారం తిరక్కుండానే తెల్లారేసరికి నా ఎడం చెయ్యి తిమ్మిరెక్కిపోయేది. పాలప్యాకెట్ మూల కత్తిరించడానికి కత్తెర మీద పట్టు దొరికేది కాదు. అమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన బొంత గుర్తుందా, నీలం చీర అంచు పైకి కనిపించేది? దాన్ని మడతలు పెట్టి భుజం కింద, తుంటి కింద పరుచుకునేదాన్ని. అంత డబ్బు పోశాక నాకు పడలేదని నోరు తెరిచి ఎలా చెప్పను? అలాగే రెండేళ్లు గడిపేశాను. నీకా రెండేళ్లు రాకూడదు.

పక్కకు తిరిగి పడుకునేవాళ్ల బరువంతా భుజం మీదా తుంటి మీదా ఆగుతుంది. ఆ రెండు చోట్లా పరుపు కాస్త లోపలికి దిగాలి. అప్పుడే మెడ నుంచి నడుం దాకా వెన్ను తిన్నగా ఉంటుంది. వెల్లకిలా పడుకునే బరువైన మనిషికి ఇంకో బాధ. ఆయన పిరుదులు దిగిపోతే నడుం వంగిపోతుంది, అందుకని కింద ఆనిక కావాలి. మీ ఇద్దరికీ మధ్యస్తంగా ఒకటి కొంటే ఆయనకు మెత్తన, నీకు గట్టి అయ్యే ప్రమాదమే ఎక్కువ.

ఇంకో మాట. నడుం నొప్పంటే చెక్క మీద పడుకోవాలని మనవాళ్లు అంటూనే ఉంటారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. ఎప్పటినుంచో నడుం నొప్పి ఉన్న 313 మందిలో సగం మందికి గట్టి పరుపు, సగం మందికి ఓ మోస్తరు గట్టిది ఇచ్చి 90 రోజులు చూశారు. ఓ మోస్తరు గట్టి పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. కాబట్టి మరిదికి కూడా రాయిలాంటిది వద్దు. కాల్లోకి నొప్పి లాగుతుంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

మరి ఏం కొనాలంటావా? ఒకే పెద్ద పరుపు కొనకు. 78కి 72 అంగుళాల మంచం మీద 78కి 36వి రెండు చక్కగా పడతాయి. ఆయన వైపు ఓ మోస్తరు గట్టిది, నీ వైపు మెత్తనిది. ఎత్తు మాత్రం రెండూ ఒకటే ఉండాలి. రెండింటినీ ఒకే కవరులో కుట్టిచ్చేవాళ్లూ ఉన్నారు. నాకు విడివిడి కవర్లే మేలనిపిస్తుంది, ఒకటి నచ్చకపోతే ఒకటే వెనక్కి పంపొచ్చు. మేం చివరికి ఇదే చేశాం. వేరు పరుపులంటే మీ బావగారికి మొదట్లో మనసొప్పలేదు. మీద ఒకటే పెద్ద దుప్పటి పరిచాక మాట్లాడలేదు. మా బుజ్జిగాడు మధ్యలో దూరే రోజుల్లో సందు తగలకుండా అదే బొంతను పొడుగ్గా మడిచి నడిమధ్య వేస్తున్నాను. దుప్పట్లు మార్చేటప్పుడు ఎత్తడమూ తేలికే. లేటెక్స్ బరువు నీకు తెలీదు, అంచు పట్టి లాగితే చిరుగుతుంది కూడా.

ఎంత మెత్తన కావాలో తెలియడానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఇప్పుడున్న పరుపు మీదే ఓ వారం బొంత వేసుకుని చూడు. రెండు మడతలకే భుజం హాయిగా ఉందా, నాలుగు కావాలా? పక్కకు తిరిగి పడుకుని వీపు వైపు నుంచి ఫోటో తీయించుకో. వెన్ను గీత గీసినట్టుంటే సరే. తుంటి దగ్గర పైకి లేచి ఉంటే ఇంకా మెత్తన కావాలి, కిందికి వేలాడితే గట్టిది కావాలి.

ఇక ఆన్‌లైన్‌లో రాసే మాటల సంగతి. లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాలు, మన దేశంలో ఎక్కువగా కేరళ నుంచి వస్తాయి. ఆ పాలను నురగ కొట్టి అచ్చులో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇదే డన్‌లప్ పద్ధతి, మన దగ్గర దొరికేవాటిలో ఎక్కువ ఇవే. పెట్రోలియం నుంచి తీసే కృత్రిమ లేటెక్స్ కూడా ఉంది, రెండూ కలిపినదీ ఉంది. అందుకని "నేచురల్ లేటెక్స్" అని పెద్దక్షరాల్లో ఉంటే ఎంత శాతమో అడుగు. ఓకో-టెక్స్ ముద్ర ఉంటే హానికర రసాయనాల పరీక్ష జరిగిందని అర్థం, అంతే గానీ అది చెట్టు పాలని దానికి అర్థం లేదు. గోల్స్ ముద్ర సేంద్రియ లేటెక్స్‌కి సంబంధించింది.

వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది, ఆరంగుళాల పరుపులో లేటెక్స్ ఎన్ని అంగుళాలు? మేం మొదట కొన్నదాని జిప్పు రెండేళ్ల తర్వాత గానీ విప్పి చూడలేదు. పైన అంగుళం మందాన మీగడ రంగులో, సన్న రంధ్రాలతో లేటెక్స్. దాని కింద ఎరుపు, పసుపు, పచ్చ ముక్కలన్నీ అదిమి అతికించిన రీబాండెడ్ ఫోమ్. వేలితో నొక్కితే చెక్కలా ఉంది. నా భుజం ఒత్తుకుంది ఆ చెక్కనే అని అప్పుడు తెలిసింది, కళ్లనీళ్లు తిరిగాయి. అందుకని జిప్పు తెరిచే వీలున్న పరుపే తీసుకో, వచ్చిన రోజే తెరిచి చూడు.

డెన్సిటీ అని ఒక అంకె ఇస్తారు, ఘనపు మీటరుకు ఎన్ని కిలోలని. సాధారణంగా 65 దగ్గర మెత్తన, 75-80 మధ్యస్తం, 90 దాటితే గట్టి. 78కి 36, ఆరంగుళాల మందం అంటే 0.276 ఘనపు మీటర్లు. 65 డెన్సిటీ అయితే దాదాపు 18 కిలోలు తూగాలి, 80 అయితే 22, 90 అయితే 25. బాత్రూం తూకం మీద నిలబెట్టి చూస్తే చాలు, చెప్పింది నిజమో కాదో చాలావరకు తేలిపోతుంది. తూకం సరిపోయిందని జిప్పు తెరవడం మానకు, రీబాండెడ్ ఫోమ్ కూడా బాగా బరువే.

వంద రాత్రుల ట్రయల్ అంటే మురిసిపోకు. ప్రత్యేకంగా కోయించిన కొలతైతే చాలామంది వాపసు తీసుకోరు. ఒక పరుపు మాత్రమే మారుస్తారా, తీసుకెళ్లే ఖర్చు ఎవరిది అన్నవి ఆర్డరుకు ముందే మెయిల్‌లో రాయించుకో. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యి. ప్రకటించినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోననే హక్కు 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్లకు లేదు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు కిటికీలు తెరిచి ఉంచు, రబ్బరు వాసన పోతుంది. దూది పరుపుల్లా మేడ మీద ఎండలో మాత్రం వెయ్యకు తల్లీ, ఎండకు లేటెక్స్ పెళుసెక్కి పొడి రాలుతుంది. అడుగున గాలి ఆడాలి. పెట్టె మంచమైతే ప్లైవుడ్‌కి రంధ్రాలు పెట్టించు. మరిదికి బెలూన్ ఊదితే పెదాలు వాచడం, రబ్బరు గ్లౌజులకు దద్దుర్లు రావడం లాంటివి ఉన్నాయేమో కనుక్కో. ఉంటే డాక్టర్ని అడగకుండా లేటెక్స్ జోలికే పోవద్దు.

రేపు టేపు పట్టుకుని మంచం లోపలి కొలత నువ్వే తీసుకో. వడ్రంగి 78 అని చెప్పి చేసినవి 75 దగ్గరే ఆగిపోయినవి నేను చూశాను. వారం అయ్యాక ఆ కొలత, బొంత ఎన్ని మడతలు పడిందీ, నీ వీపు ఫోటో నాకు పంపు. నీ భుజానికి ఏది పడుతుందో మరిదికి కూడా ఈలోపే చెప్పెయ్యి. ఆర్డరు ఇద్దరం ఫోన్‌లో ఉండి పెడదాం.