కరవు నేలలో నీటిపక్షులు

పాఠ్యభాగ ఉద్దేశం: పక్షి పరిశీలన ధనవంతుల వినోదం కాదనీ, సైకిలు, నోటుపుస్తకం, ఓర్పు ఉన్న ఏ విద్యార్థికైనా అది సాధ్యమేననీ తెలియజేయడం, సొంత ఊరి చెరువును శ్రద్ధగా గమనించి నమోదు చేయవలసిన ఆవశ్యకతను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పశ్చిమ కర్నూలు అనగానే నల్లరేగడి నేల, పత్తి, కరవు, వలస అనే మాటలు స్ఫురిస్తాయి. ఆదోని పత్తి వ్యాపారానికీ, ఎమ్మిగనూరు చేనేతకూ ప్రసిద్ధి. అటువంటి ప్రాంతంలో నీటిపక్షుల ప్రసక్తి వింతగా తోచవచ్చు. అయితే శీతకాలపు ఉదయాన సైకిలుపై పట్టణం దాటి కాలువ గట్టు చేరినవారికి ఆ వింత తీరిపోతుంది. పొలాల అంచున తెల్లకొంగలు, నీటి నడుమ మునిగి లేచే నీటికాకులు, బురదలో పరుగులు తీసే ఉల్లంకి పిట్టలు కనిపిస్తాయి. నీరు అరుదైన చోట పక్షులు ఉన్న కొద్దిపాటి నీటినే వెదకి చేరుకుంటాయి. అందుచేత కరవు సీమలోని చిన్న చెరువు కూడా పక్షులకు పెద్ద ఆశ్రయమే.

నీటి నెలవులు

ఈ ప్రాంతపు నీటి నెలవులలో అధికభాగం మానవ నిర్మితాలే. హోస్పేట వద్ద 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నుండి దిగువ కాలువ బయలుదేరి, బళ్లారి మీదుగా కర్నూలు జిల్లాలో ప్రవేశించి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పొలాలను తడుపుతుంది. ఆదోని పట్టణానికి తాగునీరందించే బసాపురం జలాశయం ఆ కాలువ నీటితోనే నిండుతుంది. ఎమ్మిగనూరు నుండి కర్నూలు వెళ్లే దారిలోని గోనెగండ్ల సమీపాన హంద్రీ నదిపై గాజులదిన్నె జలాశయం ఉంది. పూర్వ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరిట దానిని సంజీవయ్య సాగర్ అని కూడ వ్యవహరిస్తారు. ఉత్తరాన మంత్రాలయం వద్ద తుంగభద్ర నదీతీరం ఉంది. వీటికి తోడు గ్రామాల పాత చెరువులు ఉండనే ఉన్నాయి.

నీటి లోతును బట్టి పక్షి మారుతుంది. లోతైన నీటిలో నీటికాకి మునిగి చేపను పడుతుంది. మోకాటి లోతు నీటిలో కొంగ కదలక నిలిచి వేచి ఉంటుంది. అంచున ఉన్న తడి బురదలో ఉల్లంకి పిట్ట పురుగులను ఏరుకుంటుంది. తుంగ, జమ్ము పెరిగిన చోట బొల్లికోడి గూడు కట్టుకుంటుంది. కావున అంచులు పూడ్చి, గట్టు నిటారుగా కట్టిన చెరువులో నీరు తగ్గకపోయినా పక్షులు తగ్గిపోతాయి. చెరువుకు ప్రాణం దాని నడుమ మాత్రమే కాక అంచులలోనూ ఉంటుంది.

సైకిలు ఉపయోగం

పక్షి పరిశీలనకు సైకిలును మించిన వాహనం లేదు. మోటారు వాహనపు చప్పుడు పరిశీలకుని కంటే ముందే పోయి పక్షులను లేపివేస్తుంది. కాలినడకన పోతే ఒక ఉదయంలో ఒక చెరువు మాత్రమే చూడగలం. సైకిలు చప్పుడు చేయదు, ఇంధనం కోరదు, కాలువ గట్టు మీది సన్నని బాటలో సాగుతుంది, చెవికి కొత్త కూత వినిపించిన క్షణానే ఆగుతుంది. ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆ దూరమంతా ఒకేనాడు తిరగనవసరం లేదు. ఒకే చెరువుకు ప్రతివారం పోవడం పది చెరువులను ఒకసారి చూడడం కంటే ఉత్తమం. మారినదేమిటో మరల మరల చూసినవారికే తెలుస్తుంది.

ప్రయాణానికి కొంత సిద్ధపాటు అవసరం. సర్కారు తుమ్మ ముళ్లు ఈ దారులలో సాధారణం కనుక గాలిపంపు, పంక్చరు సామాగ్రి వెంట ఉండాలి. తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగి రావాలి. సూర్యుడు వీపు వెనుక ఉండేటట్లు నిలబడాలి. అప్పుడే పక్షి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఉదయం చెరువు తూర్పు గట్టు ఇందుకు అనువైనది. దుర్భిణి ఉంటే మేలు. లేకున్నా కాలువ గట్టున మేసే కొంగలను గుర్తించడానికి కన్నులు చాలు. తాగునీటి జలాశయాల వద్ద అధికారుల అనుమతి తీసుకోవాలి. లోతు తెలియని నీటిలో దిగరాదు.

వలసవచ్చినవారు, స్థానికులు

శీతకాలం ఈ సీమలో వలసల కాలం. కోసిగి, కౌతాళం వంటి మండలాల నుండి వ్యవసాయ కూలీలు పనులు వెదకుకొంటూ గుంటూరు వైపు పోతారు. ఆ నెలలలోనే హిమాలయాల ఆవలి నుండి పక్షులు దక్షిణాది జలాశయాలకు వస్తాయి. మనిషిని పంపే నేలే పక్షిని పిలుస్తుంది. ఇద్దరి ప్రయాణానికీ కారణం ఆకలే.

అలా వచ్చే వాటిలో చక్రవాకం ఒకటి. జంట రాత్రివేళ విడిపోయి విరహంతో వేగుతుందని కవులు చెప్పిన పక్షి ఇదే. నారింజ రంగు దేహం గల ఈ బాతు మన దేశంలో లడఖ్ వంటి ఎత్తైన ప్రదేశాలలో గుడ్లు పెట్టి, శీతకాలంలో మైదానాలకు దిగుతుంది. తెల్లని తలపై రెండు నల్లని పట్టీలు గల మరొక పెద్ద బాతు టిబెట్, మంగోలియా సరస్సుల వద్ద సంతానాన్ని పెంచి, హిమాలయాలను దాటి వస్తుంది. పలుచని గాలిలోని కొద్దిపాటి ప్రాణవాయువును సమర్థంగా గ్రహించే రక్తం దానికి ప్రకృతి సమకూర్చింది. ప్రాచీన సాహిత్యంలోని హంస ఈ పక్షియేనని కొందరు పండితుల అభిప్రాయం.

స్థానిక పక్షులూ తక్కువవి కావు. నత్తగుల్ల కొంగ ముక్కు రెండు భాగాల నడుమ సందు ఉంటుంది. అది నత్తలను పట్టి తినడానికి తగిన అమరిక. ఎర్రకాళ్ల కొంగ ముక్కును నీటిలో తెరచి ఉంచి, చేప తగిలిన వెంటనే మూస్తుంది. తీతువు పిట్ట కూత అపశకునమని జనులు భావిస్తారు. నిజానికి అది నేలమీదనే, గులకరాళ్ల నడుమ, రాళ్లను పోలిన గుడ్లు పెడుతుంది. మనిషి అటు వచ్చినపుడు గుడ్లకు ముప్పు కలుగునేమోనన్న భయంతో అరుస్తుంది. మనకు అశుభంగా వినిపించేది ఒక తల్లి ఆందోళన. పరిశీలన మూఢనమ్మకాన్ని ఇట్లు తొలగిస్తుంది.

లెక్క వలన మేలు

చూసినది వ్రాసిపెట్టనపుడు పరిశీలన సగమే. తేదీ, వేళ, స్థలం, నీటిమట్టం, పక్షి పేరు, సంఖ్య అనే ఆరు విషయాలు నోటుపుస్తకంలో ఉండాలి. పెద్ద గుంపును లెక్కించడానికి ముందుగా పది పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన చోటును కొలతగా గ్రహించి, అటువంటి భాగాలు ఎన్ని ఉన్నవో చూడాలి. ఇట్టి లెక్కలకు విలువ ఉంది. 1987లో భారత ఉపఖండంలో ఆరంభమైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. అందులో లెక్కించేవారిలో అనేకులు వేతనం లేని స్వచ్ఛంద పరిశీలకులే.

నమోదు లేకుంటే కలిగే నష్టానికీ, ఉంటే కలిగే మేలుకూ ఉదాహరణలు దూరాన లేవు. నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డిభూములలో బట్టమేక పిట్ట ఉండేది. దానికోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ దాని జీవితాన్ని నమోదు చేశారు. కాలక్రమాన చుట్టుపట్ల సాగు తీరు మారింది, గడ్డిభూములు తగ్గాయి, పక్షి కనుమరుగైంది. దేశమంతటా నేడు మిగిలిన బట్టమేకలు రెండు వందలకు లోపే. నమోదు ఉన్నది కనుకనే పోయినదేమిటో తెలిసింది. నమోదు లేని చెరువు నుండి ఒక పక్షి వెళ్లిపోతే ఆ నష్టం ఎవరికీ తెలియదు.

ఇక మేలు సంగతి. కర్ణాటకలోని విజయనగర జిల్లాలో, తుంగభద్ర పరీవాహక ప్రాంతంలోనే, అంకసముద్ర అనే గ్రామం ఉంది. దాని సాగునీటి చెరువు విస్తీర్ణం 98.76 హెక్టార్లు. అక్కడ వేలాదిగా పక్షులు గూళ్లు కట్టుకొంటున్న విషయం నమోదై, 2024లో ఆ చెరువు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రాంసార్ జాబితాలో చేరింది. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు 2002లోనే ఆ జాబితాకెక్కింది. కొల్లేరు మహాసరస్సు, అంకసముద్రలోనిది ఊరి చెరువు. ఊరి చెరువు కూడ లోకం గుర్తింపునకు అర్హమేనని దీనివలన తెలుస్తుంది.

ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలోని చెరువులలో ఏ నెలలో ఏ పక్షి వచ్చునో, ఎన్ని వచ్చునో చెప్పగలిగేది ఆ ఊళ్ల విద్యార్థులే. రెండు సంవత్సరాల ఇంటర్మీడియట్ కాలంలో వారానికి ఒక ఉదయం కేటాయించినా వంద పుటల నోటుపుస్తకం నిండుతుంది. చెరువులో చెత్త పోసిననాడు, అంచులు ఆక్రమించిననాడు, ‘ఇక్కడ ఏముండేది?’ అన్న ప్రశ్నకు ఆ పుస్తకమే సాక్ష్యం పలుకుతుంది.

కఠిన పదాలకు అర్థాలు
నెలవు : చోటు, ఆశ్రయం
దుర్భిణి : దూరపు వస్తువులను దగ్గరగా చూపే సాధనం
పరీవాహక ప్రాంతం : నదికి నీరు చేరే ప్రదేశం
అపశకునం : కీడును సూచించే గుర్తు

ప్రశ్నలు
అ. సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. పక్షి పరిశీలనకు సైకిలు అనువైన వాహనం ఎట్లు అయినది?
2. తీతువు పిట్ట అరుపునకు నిజమైన కారణమేమి?
ఆ. సమగ్ర సమాధానాలు వ్రాయండి.
1. ‘చెరువుకు ప్రాణం దాని అంచులలోనూ ఉంటుంది’ – వివరించండి.
2. రోళ్లపాడు, అంకసముద్ర ఉదాహరణల ద్వారా నమోదు ఆవశ్యకతను నిరూపించండి.
ఇ. భాషాకార్యం
మీ ఊరి చెరువును వరుసగా నాలుగు వారాలు గమనించి, కనిపించిన పక్షులను గూర్చి ఒక నివేదిక వ్రాయండి.